ఖాళీగా తిరిగి వెళ్ళని గిన్నె

ఇలా కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే ఆపక్కర్లేదు, చిక్కుళ్ళు ఒలుచుకుంటూనే వినొచ్చు, చెవి మాత్రం ఇటు పెట్టండి. ఈసారి చెప్పేది ఒక్క పూటలో జరిగిన సంగతి. పొద్దున్న ఒక గిన్నె ఒక ఇంటికి వచ్చింది, మధ్యాహ్నానికి తిరిగి వెళ్ళింది. చూడబోతే అంతే. కానీ ఆ గిన్నె వచ్చేటప్పటికి వార్సిని ఒక మనిషిని దేవుడిలా నమ్ముతోంది. అది తిరిగి వెళ్ళేటప్పటికి నమ్మకం కాస్తా ఆవిరైపోయింది.

ఆ వార్సిని ఎవరో మరిచిపోయినవాళ్ళకి మళ్ళీ చెబుతాను. సోలో పట్నంలో లవేయన్ పేట, బాతిక్ గుడ్డలు అద్దే పేట. అక్కడ తండ్రి వదిలి వెళ్ళిన కార్ఖానాని నడిపే మనిషి ఆవిడ. భర్త పోయి నాలుగేళ్ళు. కార్ఖానాలో సగం ఆవిడది, సగం తమ్ముడు సుగెంగ్‌ది. ఎవరి సగం వాళ్ళు అమ్ముకోవచ్చని తండ్రి రాసి మరీ పోయాడు. మైనం పెట్టేవాళ్ళు, రంగు ముంచేవాళ్ళు, ఉతికేవాళ్ళు కలిపి పద్దెనిమిది మంది ఆ కప్పు కింద బతుకుతున్నారు. అది అక్కడి డబ్బైన రుపియా రోజుకో మెట్టు జారిపోతున్న సంవత్సరం. తెల్లగుడ్డ కొనబోతే భయం, రంగు కొనబోతే భయం. అప్పటికే ఆ సందులో ఆరు కార్ఖానాలు అమ్ముడుపోయాయి. కొన్నది ఎవరో ఎవరికీ తెలియదు. సెమరాంగ్ నుంచి ఒక నోటరీ కారులో దిగేవాడు, సంతకాలు తీసుకునేవాడు, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయేవాడు. వార్సిని కూడా అమ్మడానికి తల ఊపింది. కాగితాలు ముందే ఇంటికి వచ్చాయి, సంతకమే మిగిలింది. గురువారం పెట్టేస్తానని ఆవిడ అంటే నోటరీ తల అడ్డంగా ఊపాడు. నాకు గురువారం ఖాళీయే గానీ కొనేవారు ఒప్పుకోరు, శనివారం నాలుగింటికే కావాలి, ముందు రోజు కాదు, మర్నాడు కాదు అన్నాడు. పోయిన వారం మనం ఆగింది అక్కడే.

ఆ మాట వార్సిని గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. రొక్కం ఇచ్చి కొనేవాడికి గురువారం ఏం చేదు, శనివారం ఏం తీపి?

అమ్మమని ఆవిడకి చెప్పింది పాక్ హర్జోనో. అక్కడ మగవాళ్ళని గౌరవంగా పాక్ అనీ, ఆడవాళ్ళని బు అనీ పిలుస్తారు, మనం అయ్యా, అమ్మా అన్నట్టు. వ్యాపారస్తులకి సలహాలు చెప్పడమే ఆయన పని. మంగళవారం పొద్దున రేడియోలో ఆయన గొంతు వస్తోందంటే సందు సందంతా రాగి అచ్చుల చప్పుడు ఆపేసేది. మూడు పట్నాల పత్రికలు చదివి వచ్చి చెప్పేవాడు. బ్యాంకాక్‌లో ఒక బ్యాంకు తలుపు మూస్తే లవేయన్‌లో మైనం మూకుడు కింద మంట ఎందుకు తగ్గుతుందో పసిపిల్లకి కూడా అర్థమయ్యేలా చెప్పేవాడు. రుపియా ఇంకా పడుతుందని ఆయనే ముందు చెప్పాడు, పడింది. మిల్లు అద్దకం గుడ్డ సంతల్ని ముంచేస్తుందన్నాడు, ముంచేసింది. అందుకే గోడలు అమ్ముకోండి, చేతిపని దాచుకోండి, మారండి అని ఆయన అంటే జనం మారారు. కిందటి మంగళవారం మంచిరోజుల మీద పడ్డాడు. ఐదు రోజుల సంత లెక్క చూసుకుని బేరం మొదలుపెట్టేవాళ్ళు ఎద్దుబండి ఎక్కి రైలును అందుకోవాలనుకుంటున్నారని అంటే, వార్సిని కార్ఖానాలో ఆడవాళ్ళు మైనం ఒలికిపోయేలా నవ్వారు.

ఆ సంత లెక్క అక్కడ ప్రతివాళ్ళకీ పాలతో పాటు వచ్చేదే. ఏడు రోజుల వారం ఒకపక్క నడుస్తుంటే, లెగి, పాహింగ్, పోన్, వాగే, క్లివోన్ అని ఐదు రోజులు ఇంకోపక్క తిరుగుతుంటాయి. శనివారమూ పోనూ ఈవేళ కలిశాయంటే మళ్ళీ కలవడానికి ముప్పై అయిదు రోజులు పడుతుంది. మనిషి పుట్టినప్పుడు ఏ జంట ఉందో ఆ జంట తిరిగొచ్చినప్పుడల్లా తల్లి ఎర్ర జావా తెల్ల జావా ఒకే గిన్నెలో పక్కపక్కన పోసి ఇరుగుపొరుగుకి పంచుతుంది. తెల్లది ఉత్త బియ్యం, కొబ్బరిపాలు. ఎర్రది బెల్లం కలిపింది.

ఆ శనివారం పొద్దున అలాంటి గిన్నె ఒకటి వార్సిని గుమ్మంలోకి వచ్చింది.

తెచ్చింది కస్మిరా అవ్వ, పాక్ హర్జోనో తల్లి. ఎనభై దాటిన మనిషి, నడుం వంగినా నోరు వంగలేదు. నీలం అంచు ఎనామిల్ గిన్నె అరుగు మీద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని కూర్చుని, సందు చివర రాళ్ళు లేచిపోయాయనీ, మునిసిపాలిటీవాళ్ళ కళ్ళు కూడా లేచిపోయాయనీ తిట్టింది. మావాడి రోజు తిరిగొచ్చింది, తిను అంది. ఎప్పుడూ పనిపిల్లతో పంపే మనిషివి, ఈసారి నువ్వే మోసుకొచ్చావేమని వార్సిని అడిగింది.

“పిల్ల టీలు అందిస్తోంది. పొద్దు పొడవక ముందే మావాడి కోసం ఎవరో వచ్చి కూర్చున్నారు. ముందు గదిలో తలుపేసుకుని ఒకటే గుసగుసలు. నా ఇంట్లో నేనే వేళ్ళ మీద నడవాలిట.”

వార్సిని నవ్వి, అవ్వకి తమలపాకులు ఇచ్చి సాగనంపింది. గిన్నె మీద ఆకు తీసి చూస్తే సుగెంగ్ గుర్తొచ్చాడు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే. జావ గిన్నె వస్తే ఎర్రది మొత్తం అంచు దాకా గీకి తినేసేవాడు, తెల్లది ముట్టేవాడు కాదు. కత్తితో కోసినట్టు సగం గిన్నె అలాగే ఉండేది, అది అక్క తినాలి. నలభై ఏళ్ళొచ్చినా మారలేదు. రంగులు చవగ్గా దొరుకుతాయంటే గురువారమే పెకలోంగాన్ వెళ్ళాడు. ఇంట్లో ఉంటే ఈపాటికి చెంచాతో తయారయ్యేవాడు అనుకుంది.

నోట్లో చెంచా పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఆగిపోయింది.

శనివారం పోన్. అవ్వ కొడుకు రోజు. నాలుగింటికి నోటరీ వచ్చే రోజు కూడా ఇదే.

మైనం మూకుడు ముందు కూర్చున్న న్గాతినాని పిలిచింది. న్గాతినా వార్సిని తండ్రి కాలం నుంచీ ఆ కార్ఖానాలో మైనం కలం పడుతున్న మనిషి. ఏ సంవత్సరం ఏ రంగు ఏ తొట్టిలో చెడిందో అడిగితే చెప్పగలదు. తుమిరావాళ్ళు ఇల్లూ కార్ఖానా రాసిచ్చిన రోజు ఏ రోజో గుర్తుందా అక్కా అని వార్సిని అడిగింది. తారీఖులు నాకేం తెలుసు గానీ, ఆ సాయంత్రం తుమిరా క్లాటెన్ బస్సెక్కుతూ తన ఆరు కోళ్ళూ మీ చేతిలో పెట్టింది కదా అంది న్గాతినా.

కోళ్ళు అనగానే వార్సినికి మిగతాది తన్నుకొచ్చింది. ఆ పేటలో ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా తిరిగి వెళ్ళకూడదు. ఏదో ఒకటి పెట్టి పంపాలి. తుమిరా కోళ్ళు వచ్చిన మర్నాడే పెట్టిన గుడ్లు ఆవిడ అవ్వ గిన్నెలోనే పెట్టి పంపింది. అంటే ముందు రోజు జావ వచ్చింది. తుమిరా సంతకం పెట్టిన రోజే జావ వచ్చింది.

సందు మొదట్లో ఉండే అన్నదమ్ములు అమ్మిన రోజు? ఆ రోజు కుండపోత వాన. వాళ్ళ సామాను తడిసిపోతుంటే అందరూ మోయడానికి పరిగెత్తారు. అదే రోజు వచ్చిన జావ గిన్నెలో పెట్టడానికి ఇంట్లో ఏమీ లేక వార్సిని ఒక సబ్బు బిళ్ళ పెట్టి పంపింది. జావకి బదులు సబ్బు పంపిన ఇల్లాలివి నువ్వొక్కతివేనే అని కస్మిరా అవ్వ ఆ తర్వాత కనబడ్డప్పుడల్లా దెప్పింది.

మిగతావాటిలో మూడు ఇళ్ళ సంగతి న్గాతినా చెప్పింది, ఏ గిన్నె వచ్చినప్పుడు తొట్టిలో ఏ రంగుందో దాన్నిబట్టి. ఒక్క ఇంటి దగ్గర మాత్రం ఇద్దరికీ సరిగ్గా గుర్తు రాలేదు. ఆరు ఇళ్ళు, అయిదు జావలు. ఆ ఆరోదాని కోసం ఇంకా బుర్ర బద్దలు కొట్టుకోవడం దండగ అనిపించింది.

“ఏంటి బు, జావ చల్లారిపోతోంది. చేదుగా ఉందా?” అంది న్గాతినా.

“ఇన్నాళ్ళూ తియ్యగానే ఉండింది అక్కా,” అంది వార్సిని.

ఆవిడ అప్పటికీ పూర్తిగా నమ్మలేదు. నమ్మాలని లేదు కూడా. భర్త పాడె మోసినవాళ్ళలో హర్జోనో ఒకడు. తను గుడ్డల లెక్క తేల్చుకోలేక ఏడుస్తుంటే పక్కన కూర్చుని నేర్పిన మనిషి. పదిమంది వినేలా సంత లెక్కని ఎగతాళి చేసిన మనిషి, చాటున ఆ లెక్కే పట్టుకుని కూర్చుంటాడా? మరి ముసలమ్మ వండితే కొడుకు తప్పా? కాకతాళీయం అయ్యుండొచ్చు. ఇలా ఆవిడ మనసు అటొక అడుగు ఇటొక అడుగు వేసింది. చివరికి మిగిలిన జావ న్గాతినాకి పెట్టేసి, గిన్నె శుభ్రంగా కడిగి తుడిచింది. సంతకం పెట్టని కాగితాల కట్ట నాలుగు మడతలు పెట్టి అందులో ఉంచింది. పైన అరటాకు కప్పింది. తనే మోసుకుంటూ బయల్దేరింది.

పాక్ హర్జోనో వరండాలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ముక్కు మీదకి జారిన కళ్ళద్దాలు, బల్ల నిండా పత్రికలు, అవి ఎగిరిపోకుండా ఒక రాగి అచ్చు బరువు. వచ్చిన మనుషులు వెళ్ళిపోయినట్టున్నారు, ముందు గది తలుపు బార్లా తీసి ఉంది. ఆయన లేచి కుర్చీ జరిపాడు. నాలుగింటి పని తలుచుకుని గుండె దడగా ఉందా బు, అందరికీ అలాగే ఉంటుంది, తర్వాత తేలికపడతారు అన్నాడు. అమ్మ జావకి ఏం తెచ్చారో చూద్దామంటూ ఆకు తీశాడు.

“ఇదేంటి, బు వార్సిని?”

“గిన్నె ఖాళీగా పంపకూడదు కదా, పాక్. ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు.”

ఆయన నవ్వబోయి ఆగాడు. ఆవిడ భయపడిందనుకున్నాడేమో, ఓపిగ్గా మొదలుపెట్టాడు. డాలరు సంగతి చెప్పాడు. జకార్తాలో మూతపడుతున్న మిల్లుల సంగతి, వచ్చే వానాకాలానికి బియ్యం ఏమవుతుందోనన్న సంగతి చెప్పాడు. ఇదివరకు ప్రతి మాటకీ తల ఊపే వార్సిని ఈసారి ఊపలేదు. గుడ్డ అమ్మేవాడు చెప్పే ధరని వదిలేసి, చెప్పకుండా వేలితో దాస్తున్న చిరుగు ఎక్కడుందా అని చూస్తాం కదా, అలా విన్నది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఒక్కటే అడిగింది, శనివారమే ఎందుకని. నోటరీకి వీలు అదేనేమో అన్నాడాయన. నోటరీ గురువారం ఖాళీనే అన్నాడే అంది ఆవిడ. అయితే కొనేవాళ్ళకి ఏం ఇబ్బందో, వాళ్ళెవరో నాకేం తెలుసు బు అని ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

అప్పుడే కస్మిరా అవ్వ టీ పళ్ళెంతో వచ్చింది. పిల్ల పారబోస్తుందని తనే తెచ్చిందట. వార్సిని పళ్ళెం అందుకుని, అవ్వని పక్కన కూర్చోబెట్టుకుని, మాటల్లో మాటగా అడిగింది.

“అవ్వా, ఈవేళ నా కార్ఖానా చేతులు మారితే నిలుస్తుందంటావా?”

“నిలవకేం,” అంది అవ్వ. “వాడు పుట్టిన రోజున వాడి చేతికొచ్చింది ఏదైనా జారిందా? మొదట్లో నా మాట వినలా. ఆ పాత నూనె మిల్లు లెగి రోజున కొన్నాడు. రెండు నెలలు తిరక్కుండా తగలడిపోయింది. అప్పటి నుంచీ బుద్ధొచ్చింది. తుమిరాది నిలిచిందా లేదా? అన్నదమ్ములది నిలిచిందా లేదా? ఆ మూలింటివాళ్ళది...”

అవ్వ ఇంటి పేర్లు ఒక్కొక్కటీ వేళ్ళు ముడుస్తూ చెబుతోంది. వార్సినికి గుర్తు రాని ఆ ఆరో ఇల్లు కూడా ఆ వేళ్ళలోకి వచ్చింది. ఇద్దరూ తన వేళ్ళ వైపే చూస్తున్నారని ముసలమ్మకి తెలిసేసరికి ఆరు వేళ్ళూ ముడుచుకున్నాయి.

“ఏంరా, ఈ పిల్లకి తెలియదా?” అంది కొడుకు వైపు తిరిగి.

లోపలికి వెళ్ళు అమ్మా అన్నాడు హర్జోనో. ఆ గొంతు రేడియో గొంతు కాదు. అవ్వ లేచి గోడ పట్టుకుని లోపలికి నడిచింది. వెళుతూ వెళుతూ వార్సిని మొహం వైపు ఒకసారి చూసింది, ఏదో పగలగొట్టినదానిలా.

ఆయన కళ్ళద్దాలు తీసి పత్రిక మీద పెట్టాడు. దబాయించలేదు, అది ఒప్పుకోవాలి.

“కొన్నాను. నేను కొనకపోతే జకార్తావాళ్ళు ఇంతకన్నా తక్కువకి కొనేవాళ్ళు. నేను రేడియోలో చెప్పినవాటిలో ఒక్క అబద్ధం చూపించండి, బు.”

వార్సిని నిజంగానే వెతికింది. ఒక్కో మంగళవారాన్నీ తలుచుకుంది. డాలరు నిజం, మిల్లు గుడ్డ నిజం, బ్యాంకాక్ నిజం. అన్నీ నిజాలే. రెండు నిజాల్ని పక్కపక్కన పెట్టి చూసుకోనందుకు తన మీద తనకే కోపం వచ్చింది. టీ గ్లాసు కింద పెట్టింది.

“రుపియా పడిపోతుందన్నది మీరే. గోడలు అమ్మి రుపియా చేతిలో పెట్టుకోమన్నది మీరే. ఆ రెండూ ఒకే నోటితో ఎలా చెప్పారు పాక్? తుమిరా చేతిలో ఉన్నది నెల తిరిగేసరికి కరిగిపోయింది. మీ చేతిలో ఆవిడ గోడలు అలాగే ఉన్నాయి.”

ఆయన బల్ల మీద పత్రికల అంచులు సర్దాడు.

“మమ్మల్ని మారమన్నారు. మంచిరోజులు చూసేవాళ్ళని చూసి నవ్వమన్నారు, నవ్వాం. మీరు మాత్రం అమ్మ వండిన జావ తిని సంతకాలు చేయించారు.”

“నవ్వేది బుర్ర, బు. భయపడేది వేరే. ఆ నూనె మిల్లు తగలబడ్డ వాసన మీరు చూడలేదు,” అన్నాడు హర్జోనో. ఆ ఒక్క మాటలో మాత్రం ఆయన కల్లా కపటం లేకుండా కనబడ్డాడు. ఆవిడకి ఒక్క క్షణం జాలి కూడా వేసింది. ఇంతమంది ఎందుకు, వరసగా ఆ సందే ఎందుకు అని అడిగింది. దానికి మాత్రం ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని పత్రిక తిరగేశాడు.

వార్సిని లేచింది. కాగితాల కట్ట తీసి ఆయన ముందు, ఆ రాగి అచ్చు కింద పెట్టింది. అప్పుడు గమనించింది, అది తుమిరావాళ్ళ అచ్చు. అంచున నెమలి తోక విరిగినది ఆ పేటంతటికీ అదొక్కటే.

“పొద్దు గుంకితే పోన్ పోయి వాగే వస్తుంది. మళ్ళీ మీ రోజు రావాలంటే ముప్పై అయిదు రోజులు పడుతుంది. ఈలోగా నేను తుమిరా దగ్గరికి వెళ్తాను, అన్నదమ్ముల దగ్గరికి వెళ్తాను, అందరి దగ్గరికీ వెళ్తాను. వచ్చే జావ నాటికి ఈ సందులో ఎవరూ మీ రేడియో విని నవ్వరు. నా గుమ్మంలో మాత్రం ఈవేళ ఏ కారూ ఆగడానికి వీల్లేదు.”

పద్దెనిమిది మంది కప్పు ఇంకో ముప్పై అయిదు రోజులు నిలిచినట్టే అనుకుంది. గుండెల మీద బరువు దిగినట్టయింది.

ఖాళీ అయిన గిన్నె అవ్వకి ఇచ్చిపోదామని ముందు గదిలోకి అడుగు పెట్టింది. గదిలో ఎవరూ లేరు. పొద్దున వచ్చినవాళ్ళు తాగి వదిలేసిన టీ గ్లాసులు రెండున్నాయి. సిరా బుడ్డి మూత ఇంకా పెట్టలేదు. బల్ల మూల అదే రకం నీలం అంచు గిన్నె ఒకటి ఉంది, ఎవరో తిని వదిలేసినది.

గిన్నెలో ఎర్ర జావ చుక్క కూడా లేదు. అంచు దాకా చెంచాతో గీకేసి ఉంది. తెల్లది మాత్రం కత్తితో కోసినట్టు సగం గిన్నె ముట్టకుండా అలాగే ఉంది.

వెనక నుంచి పాక్ హర్జోనో గొంతు వినిపించింది, మెల్లగా, మంగళవారం రేడియోలో వినిపించినంత మెత్తగా.

“మీ సగం మీ ఇష్టం, బు వార్సిని.”

వార్సిని ఆ గిన్నె ముందు ఎంతసేపు నిలబడిందో చెప్పలేను, ఏం చేసిందో ఇప్పుడే చెప్పను. మీరు మాత్రం ఇది మనసులో పెట్టుకోండి. ఎవరైనా వచ్చి మంచి మాటలే చెబుతూ మారమంటే, వాళ్ళకి ఈ జావ గిన్నె కథ కూర్చోబెట్టి చెప్పండి. చెప్పేటప్పుడు కోళ్ళు మరిచిపోయినా పరవాలేదు, సబ్బు బిళ్ళ మరిచిపోయినా పరవాలేదు. ఆ రెండో గిన్నెలో ఏ రంగు మిగిలిందో మాత్రం తప్పు చెప్పకండి.